సీసా ఉండగా ఆరు వారాలెందుకు?

అక్వేరియం కొన్న రోజే చేపలు వేసేయాలి. బ్యాక్టీరియా పెరిగేదాకా అంటూ పిల్లలకి నాలుగు నుంచి ఆరు వారాలు ఉత్త నీళ్లు చూపించడం ఏం మర్యాద? బ్యాక్టీరియాని సీసాల్లో అమ్ముతున్నది అందుకేగా!

రాయ్‌పూర్ గుఢియారీలో కొనేటట్టయితే ఎండ నేరుగా పడే అరలోంచి తీసిమ్మనండి. అక్కడి మే నెలకి తట్టుకున్న బ్యాక్టీరియాకి మీ హాలు ఒక లెక్కా? తయారీ తేదీ అడక్కండి, షాపువాడు నొచ్చుకుంటాడు. లేబుల్ మీద బాసిల్లస్ అని ఉంటే కళ్లకద్దుకోండి. అది స్పోర్లు కట్టుకుని ఎన్నాళ్లయినా పడుంటుంది, మిగిలిన మేతని కుళ్లబెట్టి అమ్మోనియా ఇంకాస్త పెంచుతుంది. ఆ అమ్మోనియాని నైట్రైట్ చేసే నైట్రోసోమొనాస్, నైట్రైట్‌ని నైట్రేట్ చేసే నైట్రోస్పైరా స్పోర్లు కట్టవు, వేడికి చస్తాయి, పెరగడానికీ నిదానమే. అంత నాజూకు జీవులతో మనకేం పని? ఈ రెండో పని నైట్రోబాక్టర్‌ది అనుకునేవారు. మంచినీటి అక్వేరియంలలో అది నైట్రోస్పైరా పని అని 1998లో టిమోతీ హొవనెక్ బృందం చూపించింది. సీసా మీద ఇప్పటికీ నైట్రోబాక్టర్ అనే ఉంటే, ఆ కంపెనీకి పెద్దలంటే గౌరవం అన్నమాట.

ఖారూన్ నది నీళ్లు కుళాయిలోంచి క్లోరిన్ వాసనతో దిగుతుండగానే సీసా వంచేయండి. క్లోరిన్ కలిపేది క్రిముల్ని చంపడానికే, నిజమే. మన సీసాలోవి మంచివని దానికి తెలీదా ఏంటి?

భీమవరం బావమరిది ఫోన్ చేసి, "ప్రోబయోటిక్‌ని బెల్లం, తవుడుతో పులియబెట్టి చెరువులో చల్లుతాం బావా" అంటాడు. మీరూ అదే చేయండి. ఆయన రొయ్యల చెరువు ఎకరాల్లో ఉంటుంది, ఏరేటర్లు తిరుగుతుంటాయి. మీది రెండడుగుల తొట్టె. అంత పట్టింపు దేనికి? తెల్లారేసరికి నీళ్లు పాలలా తెల్లబడతాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పాపం, ఆకలి. ఇంకో చిటికెడు మేత వేయండి.

అమ్మోనియా టెస్ట్ కిట్ జోలికి పోకండి, లేనిపోని బెంగ. మోటారు చప్పుడుకి నిద్ర పట్టకపోతే రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేయండి. బ్యాక్టీరియా కాపురం నీళ్లలో కన్నా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద ఎక్కువ. ఇల్లన్నాక శుభ్రంగా ఉండాలి కనక స్పాంజిని వారం వారం సబ్బుతో ఉతికేయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది రైల్వే క్వార్టర్స్ బాబాయిగారితో. ఏళ్లుగా తొట్టె నడుపుతున్న మనిషి. "నా పాత స్పాంజిలో ముక్క కోసిస్తాను, తడి ఆరకుండా పట్టుకెళ్లి మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి" అంటారు. మొహమాటపడకండి. నల్లగా, జిగురుగా ఉంటుంది, పైగా ఊరికే వస్తుంది. దాని మీద తయారీ తేదీ కూడా ఉండదు.