ఇల్లు మారడమంటే ఇదా?

మా మనవడు ఇల్లు మారుతున్నాడు. ఏ అమెరికాకో కాదు, చిట్టినగర్ నుంచి మొగల్రాజపురానికి. ఆ మాత్రానికి హాల్లో కాలు పెట్టే సందు లేకుండా అట్టపెట్టెలు. పెట్టెకో నంబరు, ఆ నంబరు మళ్ళీ ఫోన్లో. ఒక్కో గాజుగ్లాసుకి బుడగల ప్లాస్టిక్ చుట్టి, దానిమీద టేపేసి, ఆపైన ఎర్ర సిరాతో ‘జాగ్రత్త’ అని రాయడం. గ్లాసు ఖరీదు కన్నా టేపు ఖరీదే ఎక్కువ. చూస్తూ ఊరుకోమంటే నా వల్ల అవుతుందా?

మా రోజుల్లో ఇల్లు మారాలంటే ముందు పంచాంగం దిగేది. ఆషాఢంలో కదలకూడదు. మూఢమైతే ఆ ఊసే ఎత్తకూడదు. మంగళవారం సరేసరి. అన్నీ పోగా శ్రావణంలో ఏ దశమో తేలేది. తీరా చూస్తే శ్రావణంలో బెజవాడంతా వాన. ముహూర్తాలు పెట్టినవాళ్ళెవరూ కొత్తపేట కొండ మెట్లు ఎక్కిన పాపాన పోలేదనుకుంటాను.

సామానేముంది? రెండు ట్రంకు పెట్టెలు, పరుపుల చుట్ట, నులకమంచాలు, ఇత్తడి గంగాళం, బిందెలు, రోలు, సన్నికల్లు, ఆవకాయ జాడీలు. జాడీలకి వరిగడ్డి చుట్టి గోనెసంచుల్లో దింపేవాళ్ళు. కృష్ణా జిల్లాలో గడ్డికేం కరువు, పాలబ్బాయే మోపు తెచ్చి పడేసేవాడు. పనయ్యాక ఆ గడ్డి గేదె తినేది. మీ బుడగల ప్లాస్టిక్ ఏ గేదె తింటుందో చెప్పు నాయనా!

రిక్షా మీద సామాను పేర్చడం ఒక విద్య. అడుగున ట్రంకు పెట్టెలు, వాటిమీద తిరగేసిన మంచం, ఆ కోళ్ళ మధ్య పరుపులు, అంతా కప్పుతూ బరకం, బరకం చుట్టూ మోకు. రిక్షా కొండ కింద దాకానే. అక్కణ్ణుంచి మెట్లు. పాచి పట్టిన మెట్ల మీద వాననీళ్ళు గలగలా ఎదురొస్తుంటే, రోలుకి మోకు కట్టి, వెదురుబొంగు దూర్చి ఇద్దరు భుజానికెత్తుకునేవాళ్ళు. గడపగడపకీ ఒక ప్రశ్న: “ఏ ఊరమ్మా? ఎంతమంది పిల్లలు?” పైకి చేరేసరికి మా వంశమంతా కొండకి తెలిసిపోయేది. మా మనవడికి ఎదురు ఫ్లాటాయన పేరు ఇప్పటికీ తెలీదు. రోజూ లిఫ్టులో నవ్వుకుంటారట.

కొత్తింట్లో ముందు దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు. పాలు పొంగాకే తక్కినవన్నీ. పాత చీపురు మాత్రం పాతింట్లోనే వదిలేయాలి.

ఇదంతా రసవత్తరంగా చెబుతుంటే మనవరాలు అడ్డం వచ్చింది.

“తాతయ్యా, ఆ రోలు నువ్వే మోశావా?”

“లేదే, గోడగడియారం పట్టుకున్నాను.”

“మరి సామాను సర్దింది?”

“మా అమ్మ.”

“కింద కుళాయి నుంచి నీళ్ళు మోసింది?”

“మా అమ్మే.”

“మరి మీ నాన్నగారు?”

“చెప్పాగా, పంచాంగం చూశారని.”

మా రోజులు గొప్పవని వాదించేటప్పుడు మా అమ్మని సాక్ష్యానికి పిలవకపోవడమే క్షేమమని అప్పుడు తోచింది.

అయినా ఒక్క విషయంలో మాత్రం తగ్గను. మనవడు ఆ ఇల్లు చూసింది మే నెల ఎండలో, అదీ సగం ఫోన్లో. టైల్సు చూశాడు, వంటగదిలో అరలు లెక్కపెట్టాడు. వెనకున్న కొండని చూడలేదు. 2024 ఆగస్టు 31న అదే మొగల్రాజపురంలో వానకి కొండచరియలు విరిగిపడి నిండు ప్రాణాలు పోయాయి. తెల్లారేసరికి బుడమేరు పొంగి సింగ్ నగర్‌ని ముంచేసింది. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అదీ శ్రావణమే, పంచాంగంలో మంచి నెలే. అంతకుముందు 2020 అక్టోబరులో, దసరా రోజుల్లో, ఇంద్రకీలాద్రి మీదా చరియలు విరిగాయి. ఈ ఊళ్ళో కొండ పక్కనుంటే బండరాయి భయం, పల్లంలో ఉంటే బుడమేరు భయం.

మా పెద్దలు ఇవన్నీ ఆలోచించే ఇల్లు తీసుకునేవాళ్ళని చెబుదామనే ఉంది గానీ, మా నాన్న కొండెక్కింది అక్కడ అద్దె తక్కువని. పైన ఉన్నాం గనక వరద రాలేదు, అదృష్టం బాగుండి బండా రాలేదు. దాన్నే ఇన్నాళ్ళూ పెద్దల ముందుచూపని చెప్పుకుంటున్నాను.

కాబట్టి నాయనా, పెట్టెలకి నంబర్లు వేసుకో, టేపు చుట్టుకో, నీ సరదా నీది. కానీ ఇంకోసారి బెజవాడలో అడ్వాన్సు ఇచ్చే ముందు, వాన పడుతున్నప్పుడు ఒక్కసారి వెళ్ళి ఇంటి వెనక్కి నడిచి చూడు. 2024లో నీళ్ళెంత దాకా వచ్చాయో కనుక్కో. ఇంటాయన్ని కాదు, ఆయన గోడమీద మరకకి రంగేయించి ఉంటాడు. పక్కింటావిణ్ణి అడుగు, నిజం చెబుతుంది.