సెలవు కందం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కోలచల మల్లినాథసూరి మనకు దూరపువాడు కాడు. ఆయన ఇంటిపేరైన ఊరే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదీ, అక్కరకు రానిదీ ఒక్క ముక్క రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన వ్యాఖ్యానించిన వాటిలో మేఘదూతం ఒకటి. కొలువులో ఏమరుపాటు చేసి, యజమాని శాపానికి ఏడాదిపాటు ఇల్లు విడిచిన యక్షుడు మబ్బుతో కబురంపే కథ అది. సిరిసిల్ల వైపు చందుర్తి మండలంలో ఈ కథ ఎరగని గడపలు తక్కువ. ఇక్కడ ఏడాది బదులు రెండేళ్ల గల్ఫు కాంట్రాక్టు, మబ్బు బదులు ఐమో కాల్. పైగా యక్షుడికి ఏజెంటు బాకీ లేదు.

ఈ పద్యానికి కర్తలు అనేకులు. సనుగుల, మల్యాల, మూడపల్లి, మర్రిగడ్డ, ఏ ఊరి కొడుకైనా సెలవు దొరికిన రాత్రి తల్లికి చెప్పే మాటే ఇది. వాళ్లు వచనంలో చెప్పారు, కందంలో కట్టింది ఈ వ్యాఖ్యాత. కందమే ఎందుకంటే, వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్ట మీద తెలుగును చెక్కించింది కందాల్లోనే. ఈ ప్రాంతపు మాటకు ఆ కొలత పాతదే.

మూలం

సెలవిచ్చె నరబు దొర, యీ
నెలకై మురియుచుఁ గదలితి నింటికి నవ్వా!
తులమే బంగరు, ముప్పది
కిలోలు పెట్టెకుఁ, బరువునుఁ గెలుకకు మింకన్.

టీక

అరబు దొర = కఫీలు (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని), సెలవిచ్చెన్ = సెలవును ఇచ్చెను; లేదా, పలికెను. రెండేళ్లలో ఆ దొర వీడితో నేరుగా మాట్లాడింది ఈ ఒక్కసారే గనుక రెండర్థాలూ చెల్లుతాయి.

ఆక్షేపం: ఎడారిలో దొర ఎక్కడివాడు? షేకు అనవచ్చు, సేఠ్ అనవచ్చు గదా?

సమాధానం: అనవచ్చు, కాని ఈ ప్రాంతపు నోరు అనదు. వెట్టికి, గడీలకు ఎదురు తిరిగిన రైతుకూలీ సంఘాల కాలంలో, 1978 అక్టోబరులో, అప్పటి సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడీల దొరలు పట్నం దారి పట్టారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫు దేశాల్లో మేడలు లేస్తున్న రోజులు కూడా అవే. దొర లేని ఊరి నుంచి జనం బొంబాయికి, బొంబాయి నుంచి సముద్రం దాటి ఇంకో దొర దగ్గరికి పోయారు. ఈయన వెట్టి చేయించడు, జీతమిస్తాడు, నిజమే. పాస్‌పోర్టు మాత్రం, చట్టం వద్దన్నా, చాలాచోట్ల ఆయన బీరువాలోనే ఉంటుంది. కాబట్టి దొర శబ్దం నిర్దుష్టం.

మురియుచున్ = సంతోషిస్తూ. కదలితిన్ = బయలుదేరాను. ఇది భూతకాలం. వాస్తవానికి టికెట్ ఇంకా తియ్యలేదు. ఆలంకారికులు దీన్ని ఔత్సుక్యమంటారు. ఇంటిది "ముందుగాల టికెట్ ఫొటో పంపు" అంటది.

ఈ నెలకై. ఇక్కడ కొంత ఆగాలి. ఎమిరేట్స్ చట్టం ఏడాది నౌకరీకి 30 రోజుల జీతపు సెలవు ఇస్తుంది. మనవాడు దాన్ని బతుకమ్మకు, దసరాకు సరిపడేట్టు దాచుకుంటాడు. ఆ 30 రోజులు విశ్రాంతి అని ఎవరైనా అర్థం చెబితే వాళ్లు చందుర్తి చూడలేదన్నమాట. శంషాబాద్‌లో దిగేసరికి కిరాయి బండిలో తొమ్మిదిమంది ఎదురొస్తారు, వెనక్కి పోయేటప్పుడు వీడికే సీటుండదు. రెండోనాటి నుంచి మొక్కులు మొదలు. వేములవాడ రాజన్నకు కోడె: ధర్మగుండంలో మునిగి, టికెట్ తీసి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టెయ్యాలి. అక్కడే ఉన్న దర్గాకు కూడా దండం పెట్టుకోవాలి. ఇంకోనాడు కొండగట్టు అంజన్న. మరోనాడు ధర్మపురి, గోదావరి స్నానం, నరసింహస్వామి, ఆ ఆవరణలోనే యమధర్మరాజు గుడి. ధర్మపురి పోయినోనికి యమపురి లేదని సామెత. సోనాపూర్ సంగతి మాత్రం ఏ పురాణమూ చెప్పలేదు. (సోనాపూర్ = దుబాయిలో లేబర్ క్యాంపుల పేట, పేరుకు బంగారు ఊరు.) బండి కిరాయి, చెప్పుల స్టాండు నుంచి యాటపోతు దాకా ఖర్చంతా ప్రవాసిదే.

ఇన్ని గుళ్లు ఎందుకని శంక. మామూలు వ్యాఖ్యాతలు భక్తి అని తేల్చేస్తారు. కాదు. తల్లి మొక్కిన ప్రతి మొక్కుకూ ఒక తేదీ ఉంది. రాజన్న కోడె వీసా వచ్చిన నాటిది, అది కొడుక్కూ తెలుసు. ధర్మపురిది జీతం ఆగిన నెలలది. ఆ సంగతి కొడుకు చెప్పలేదు, పైసలు ఆలస్యమైతే "బ్యాంకుల లైన్ ఉన్నదవ్వా" అన్నాడు. ఇక కొండగట్టు. మెట్ల దగ్గర కొడుకు అడుగుతాడు:

"ఇదేం మొక్కవ్వా? నేనెప్పుడు మొక్కమన్న?"

"రెండు నెలలు మొకం జూపియ్యకుంట ఉట్టి ఫోన్ జేసినవ్ గదా బిడ్డా. గప్పటిది."

ఆ రెండు నెలల్లో వాడు పరంజి మీది నుంచి పడి చేతికి కట్టు కట్టించుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మల్లినాథుడు మూలంలో లేనిది రాయనన్నాడు. ఈ తల్లి టీకంతా మూలంలో లేనిదే, కాని ఒక్క అక్షరం తప్పు పోలేదు. అది చూశాక, ఈ వ్యాఖ్యాత సూరిగారి నియమాన్ని సగౌరవంగా పక్కన పెడుతున్నాడు.

తులమే బంగరు = ఒక్క తులం మాత్రమే బంగారం. ఏవకారం చెల్లెలి కోసం. అయితే 2025 దాకా ఈ తులం కూడా చట్టానికి అతిశయోక్తే. 2016 నాటి బ్యాగేజీ నియమాలు, ఏడాదికి మించి బయట ఉండి వచ్చిన మగవాడు సుంకం లేకుండా 20 గ్రాముల నగ తేవచ్చన్నాయి, దాని విలువ మాత్రం 50,000 రూపాయలు దాటరాదన్నాయి. 2025లో తులం ధర లక్ష దాటింది. అంటే కాగితం మీద రెండు తులాలు, లెక్కలో అర తులానికి లోపు! తర్కశాస్త్రంలో కూడా ఇంత సొగసైన వైరుధ్యం దొరకదు. మరో బంగారం ఉంది: దసరానాడు జమ్మిచెట్టు ఆకు చేతిలో పెట్టి "బంగారం" అని అలాయ్ బలాయ్ తీసుకోవడం. దానికి సుంకం లేదు, తూకం లేదు. పద్యంలోని బంగరు అదే అని సమర్థించే ప్రయత్నం ఒక బావమరిది దగ్గర జరిగింది, ఫలించలేదు.

ముప్పది కిలోలు పెట్టెకున్ = పెట్టెకు విమానం వాళ్లు ఒప్పుకునే బరువు. అందులో పులిబొమ్మ రగ్గు, ట్యాంగు డబ్బా, పాలపొడి, గొడ్డలి గుర్తు తలనొప్పి తైలం, సెంటు సీసాలు, ఖర్జూరాలు. ఇవన్నీ ఇప్పుడు కోరుట్లలో, సిరిసిల్లలో దుకాణంలో దొరుకుతాయి. తక్కువకే దొరుకుతాయి కూడా. అయినా దుబాయి పెట్టెలోంచి తీసినవే కావాలి.

పాఠాంతర విచారం

నాలుగో పాదంలో "పెట్టెకుఁ బరువునుఁ" అన్నచోట పండితులు తగవు పడతారు. పెట్టెకున్ + బరువును అని విడదీస్తే "మరి బరువు సంగతి కెలకకు" అని అర్థం. పెట్టెకున్ + పరువును అని విడదీసినా, ద్రుతం మీద పరుషానికి సరళం వచ్చి చెవికి అదే రూపం. అప్పుడు "నా పరువును కెలకకు" అని. ఏది సాధువు? తక్కెడ బరువంటుంది, వాడకట్టు పరువంటుంది. ఒక ఉదాహరణ: దిగాక డ్యూటీఫ్రీలో కొన్న రెండు లీటర్ల సీసాలు 30 కిలోల బరువులోకి రావు, పరువులోకి వస్తాయి. అవి లేకుండా ఊళ్లో దిగినవాణ్ని "ఏం తమ్మీ, ఖల్లివెల్లి అయి వచ్చినవా?" అని పలకరిస్తారు. (ఖల్లివెల్లి = కఫీలును వదిలి, కాగితాలు లేకుండా ఉన్నవాడు.) రెండు పాఠాలూ గ్రాహ్యాలే అని మా నిర్ణయం.

ప్రసంగవశాత్తు ఒక ఆర్థిక విశేషం. దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. కాబట్టి డాలరు ముందు రూపాయి చిక్కిపోయినప్పుడల్లా చందుర్తికి వచ్చే నెల పైసలు లావెక్కుతాయి. పేపర్లో రూపాయి పతనం అని చదివి సంతోషించే రైతులను చూడాలంటే ఈ మండలానికి రావచ్చు. జీతం మాత్రం పెరగదు.

తాత్పర్యం

"అవ్వా, నెల సెలవు దొరికింది, వస్తున్న, ఎక్కువ ఆశ పెట్టుకోకు."

అనుబంధం

ఈ పద్యం తిరుగు ప్రయాణానికీ వర్తిస్తుందని మరచిపోరాదు. అప్పుడు వక్త మారుతుంది. సత్తుపిండి ముద్దలు, గర్జెలు, మామిడికాయ తొక్కు, నువ్వుల పొడి, రూములో ఉన్న నలుగురు పక్కూరి పిల్లల ఇళ్ల నుంచి వచ్చిన నాలుగు మూటలు కలిపి పెట్టెను స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలిస్తే 36 కిలోలు. కొడుకు తొక్కు డబ్బా తీసి బయట పెడతాడు. తల్లి మళ్లీ లోపల పెడుతుంది. వాడు మళ్లీ తీస్తాడు. అప్పుడామె పద్యంలో చివరి రెండు మాటలు అంటుంది, కందం అక్కర్లేకుండా: "ఇగ గెలుకకు." రగ్గు ఇచ్చేశాడు కదా, పెట్టెలో జాగా ఎందుకు లేదో ఆమెకు అర్థం కాదు. చివరికి బయట పడేది వాడి పని బూట్లు. అక్కడ కంపెనీ ఇస్తుందిలే అని కొడుకు అంటాడు. ఇవ్వదు.