పరుపు కింద పాయిఖానా

తెరచాప పడవ కొనాలని మనసుపడ్డ మగవాడు ముందు తెరచాప గురించి మాట్లాడతాడు. ఆ తర్వాత చుక్కాని గురించి, లంగరు గురించి, గాలివాటం గురించి. ఇంట్లో ఆడవాళ్లు ఇదంతా చివరిదాకా విని ఒక్కటే అడుగుతారు: "అంతా బాగానే ఉంది గానీ, బాత్రూం ఏదీ?"

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో ఈ ప్రశ్న పుట్టే అవకాశం 2013 దాకా పెద్దగా లేదు. సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, మహాశివరాత్రికి స్వయంభు శంభులింగేశ్వరస్వామి జాతర, ఆ జాతరలో ఎడ్ల బండలాగుడు పందేలు: ఊరి పేరు నలుగురి నోటా నానేది వీటివల్లే. ఆ ఏడాది డిసెంబరులో కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. నిండితే 45.77 టీఎంసీలు. ఇంజనీరు, కేంద్రమంత్రి కె.ఎల్. రావు పేరు పెట్టిన ఆ జలాశయం కోసం అప్పటి మేళ్లచెరువు మండలంలోని నదీతీర గ్రామాలు కొన్ని మునిగాయి. ఆ ముంపు కథ ఈ వ్యాసంలో ఇమిడేది కాదు, నవ్వుతూ చెప్పేదీ కాదు. ఇక్కడికి కావలసిన సంగతల్లా, సిమెంటు దుమ్ములో బతికిన మనిషికి ఇంటికి దగ్గర్లోనే తెరచాప ఎత్తేటంత నీరు వచ్చి నిలిచిందని.

అలాంటి మనిషినొకణ్ని ఊహించుకుందాం. సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. బ్యాంకులో గ్రాట్యుటీ, మనసులో ఇరవై అడుగుల పడవ. ఆయనకో భార్య, ఆవిడకో తల్లి, ఆ తల్లికి మోకాళ్ల నొప్పులు. మనుషులు కల్పితం, మోకాళ్లు మాత్రం ప్రతి ఇంట్లోవీ.

తెరచాప పడవలు మనకు కొత్తవేం కాదు. కాకినాడ నుంచి మద్రాసు దాటి దక్షిణానికి పోయే కాలువల్లో సరుకూ జనమూ పడవల మీదే నడిచిన రోజులున్నాయి. 1877-78 కరువులో కూలీలతో మద్రాసు దగ్గర కొంత మేర తవ్వించి, అప్పటి గవర్నరు పేరు మీద ఆ దారికి బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు. కాలువ ప్రయాణంలో ఉన్న సుఖమేమిటంటే గట్టు ఎప్పుడూ పక్కనే ఉంటుంది. చెంబు పుచ్చుకుని దిగితే పని అయిపోతుంది. జలాశయం నడిమధ్య గట్టు కోసం వెతుక్కోవాలి. వెతుక్కుని చేరినా, 2014 తర్వాత చెంబుతో తిరిగేవాళ్లను చూసి ఈలలు వేసే కమిటీలు పుట్టాయి.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద ఏటా తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బు, సైన్యం వారి ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషను, పేదింటి పిల్లలకు కూడా శిక్షణ ఇచ్చే యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, అందరూ అక్కడే. వాళ్లు నడిపే లేజర్ పడవ పొడవు నాలుగు మీటర్ల చిల్లర. దాంట్లో మనిషి కూర్చోవడమే కష్టం, ఇక ఆ పనికి కూర్చోవడమెక్కడ. పైగా ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన ఆ చెరువులోకి నగరం దశాబ్దాల పాటు తన మురుగునంతా నాలాల ద్వారా పంపుతూ వచ్చింది. పడవ నీటిని పాడుచేస్తుందన్న భయం లోకమంతటా ఉంది. నీళ్లే పడవను పాడుచేస్తాయన్న భయం మాత్రం మన రాజధాని సొత్తు.

పెద్ద ప్రయాణాలకైతే లెక్క వేరు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో భూమిని చుట్టివచ్చిన నౌకాదళం పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి పొడవు సుమారు 17 మీటర్లు. అందులోని ఆరుగురు మహిళా అధికారుల్లో హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి పి. స్వాతి ఉన్నారు. మన రిటైర్డ్ మనిషి ఇంట్లో వాదన మొదలైనప్పుడల్లా వాళ్ల పేర్లు ఎత్తుతాడు. "ఆ పిల్లలు దక్షిణ మహాసముద్రమే దాటారు." దానికి భార్య సమాధానం సిద్ధంగా ఉంటుంది: "వాళ్ల వెంట మా అమ్మ లేదు కదండీ."

పాయిఖానా పడవలోనే బిగించేసి, అడుగున చిల్లు పెట్టి, పంపు కొడితే నీళ్లలోకి పోయే ఏర్పాటు పెద్ద పడవలకు ఉంటుంది. ఇంజనీరుకు ముందుగా నచ్చేది ఇదే, ఎందుకంటే గొట్టాలుంటాయి, వాల్వులుంటాయి. ఆయనకు చెప్పాల్సిన కథ ఒకటుంది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండు తీరం దగ్గర యూ-1206 అనే జర్మన్ జలాంతర్గామి నీటి అడుగున ఉంది. లోతులో ఉన్నప్పుడు కూడా వాడుకునేలా అధిక పీడనంతో పనిచేసే కొత్తరకం మరుగుదొడ్డి అందులో పెట్టారు. దాని వాల్వులు ఏ వరసలో తిప్పాలో తెలిసిన మనిషి ఉండాలి. ఆ రోజు వరస తప్పింది. సముద్రం నీళ్లు లోపలికి తన్నుకొచ్చి కింద అరలోని బ్యాటరీల మీద పడ్డాయి, క్లోరిన్ వాయువు లేచింది, ఊపిరాడక పైకి తేలాల్సి వచ్చింది, తేలగానే బ్రిటిష్ విమానాలు కనిపెట్టాయి. కెప్టెన్ కార్ల్ అడాల్ఫ్ ష్లిట్ పడవను వదిలేయమని ఆజ్ఞ ఇచ్చాడు. యుద్ధనౌకను శత్రువు ముంచడం మామూలే, ఫ్లష్ ముంచడం అరుదు. డబ్బుంటే ఈ బాధ ఉండదనుకుంటే అదీ కాదు: అమెరికా అతి ఖరీదైన విమానవాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్‌లో మరుగుదొడ్ల గొట్టాలు పూడుకుపోకుండా ఆమ్లంతో ఒక్కసారి కడగడానికి దాదాపు నాలుగు లక్షల డాలర్లవుతుందని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2020లో లెక్క తేల్చింది.

చిల్లు ఆలోచన పోయింది. పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పులిచింతల నుంచి వదిలిన నీరు 85 కిలోమీటర్లు కిందికి పోయి ప్రకాశం బ్యారేజీలో చేరుతుంది. ఆ నీళ్లే విజయవాడ తాగుతుంది, డెల్టా పొలాలు తాగుతాయి. మేళ్లచెరువు మనిషికి విజయవాడలో చుట్టాలు లేకపోవడమంటూ ఉండదు. పెళ్లికి పోయి వాళ్లింట్లో మంచినీళ్ల గ్లాసు పుచ్చుకోవాలంటే ఆదివారం నాడు పడవలో చేసిన పని గుర్తు రాకూడదు.

ఇక మిగిలింది బకెట్టు. దీని వైపు వాదించేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్లలో దాదాపు అందరూ ఒంటరిగా పడవ నడిపే మగవాళ్లే. చవక, పాడయ్యే భాగమే లేదు, అవసరమైతే పడవలో చేరిన నీళ్లు తోడుకోవచ్చు. అత్తగారి ముందు ఈ మాట ఎత్తే ధైర్యం మన కథానాయకుడికి లేదు కాబట్టి ముందుకు పోదాం.

ముందుకు పోతే వచ్చేది రెండు అంతస్తుల ప్లాస్టిక్ పెట్టె. పై అంతస్తులో శుభ్రమైన నీళ్లు, కూర్చునే చోటు, చిన్న పంపు. కింది అంతస్తు చెప్పక్కర్లేదు. రెంటికీ మధ్య జారే పలక, మీట లాగితే తెరుచుకుంటుంది, తోస్తే మూసుకుంటుంది, మూసుకున్నాక వాసన రాదు. అమెరికాలో థెట్‌ఫోర్డ్ కంపెనీ వాళ్లు 'పోర్టా పాటీ' పేరుతో అమ్మేది దీనికి ప్రపంచమంతా తెలిసిన రూపం. చిన్నరకం 335 నంబరు ఎత్తు 31 సెంటీమీటర్లు, కింది ట్యాంకు 10 లీటర్లు. పెద్దరకం 365 నంబరు ఎత్తు 41, ట్యాంకు 21 లీటర్లు. చిన్నది పడవకు అందం. పెద్దది మోకాలికి సుఖం. ఇంట్లో కమోడ్ ఎత్తు కూడా ఇంచుమించు 40 సెంటీమీటర్లే. 31 మీద కూర్చున్న అత్తగారిని లేపడానికి ఇద్దరు కావాలి, ఆ పడవలో ఇద్దరు నిలబడే చోటు లేదు. అంటే పడవ సామాను ఎంపిక చేసేది నావికుడు కాదు, ఎముకల డాక్టరు.

లీటర్ల దగ్గర అసలు చిక్కు వస్తుంది. ఆ ట్యాంకుల కొలతలు కాగితం వాడే జనం కోసం పెట్టినవి. మనది నీళ్ల జాతి. మనిషి రోజుకు సుమారు లీటరున్నర మూత్రం పోస్తాడు. ఇద్దరికి మూడు. రోజుకు చెరో అయిదుసార్లు, ప్రతిసారీ పావు లీటరు ఫ్లష్ అనుకుంటే ఇంకో రెండున్నర. ఘనపదార్థం సంగతి అలా ఉంచి, కడుక్కోవడానికి చెరో మగ్గు, మగ్గంటే లీటరు. మొత్తం ఎనిమిది దాకా వచ్చింది. చిన్న ట్యాంకు మర్నాడు సాయంత్రం కాఫీ దాకా ఆగదు. పెద్దది రెండున్నర రోజులు వస్తుంది, అదీ అత్తగారు రాకపోతే. ఆవిడ దృష్టిలో ఒక మగ్గు శుభ్రం కాదు, సైగ. "మూడు చెంబులన్నా పొయ్యకపోతే ఎట్లా అల్లుడుగారూ?" అంటుంది. కొందరు పడవల వాళ్లు కనిపెట్టిన ఉపాయం చిన్న చేతిపంపు స్ప్రే, పావు లీటరుతో పని జరుగుతుందంటారు. అది కొనడం తేలిక, అలవాటు చేయించడానికి ఆ ఇంట్లో ఎవరి మాటా సాగదు.

నిండిన ట్యాంకు 21 కిలోలు, పెట్టె బరువు వేరే. సిమెంటు ఊళ్లో పెరిగినవాడికి ఈ బరువు అంచనా కష్టం కాదు: సగం బస్తా. తేడా ఏమిటంటే బస్తా లోపల కదలదు.

పొడిగా ఉంచే రకం ఇంకొకటుంది. ద్రవాన్ని ఒక సీసాలోకి, ఘనాన్ని వెనక అరలోకి వేరుచేస్తుంది. రెండూ కలిస్తేనే ఆ భరించలేని కంపు పుడుతుంది, విడిగా ఉంటే మట్టి వాసన మాత్రమే వస్తుందని వాడినవాళ్లు చెబుతారు. పడవలతో సావాసమున్న ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన 'నేచర్స్ హెడ్' ఈ జాతిదే, ఖరీదు దాదాపు వెయ్యి డాలర్లు. వెనక అరలో పొయ్యాల్సింది కొబ్బరిపీచు పొట్టు. కోనసీమ నిండా ఉన్న సరుకు! మన ఇంజనీరు కళ్లు మెరిశాయి. భార్య ఒకే ప్రశ్నతో ఆర్పింది: "నీళ్లు పొయ్యకూడదా ఇందులో?" కూడదు. తడి తగిలితే పీచు పొట్టు ముద్దయి మొత్తం చెడుతుంది. కథ అక్కడికి ముగిసింది.

పెద్ద ప్లాస్టిక్ పెట్టే ఖాయమైంది. పెట్టడం ఎక్కడ? ఇరవై అడుగుల పడవలో గది అంటూ ఉండదు, ముందు భాగంలో ముక్కోణపు పరుపు ఉంటుంది, దాని కింద చోటు ఉంటుంది. రాత్రి పూట తల కింద దిండు, దిండు కింద పరుపు, పరుపు కింద అది. అర్ధరాత్రి ఒకరికి అవసరమైతే ముగ్గురు లేవాలి. పడవ గాలికి ఒరిగినప్పుడు పెట్టె జారకుండా నేలకు బిగించే పట్టీలు విడిగా అమ్ముతారు, అవి ఎందుకు కొనాలని వదిలేయకూడదు. మగవాళ్లు కూడా కూర్చునే వెళ్లాలి. ఇది ఇంట్లో చెబితే పౌరుషం, ఊగే పడవలో చెబితే భౌతికశాస్త్రం.

ఖాళీ చేయడం గురించి అమ్మేవాళ్లు తక్కువ మాట్లాడతారు. పనిమనిషికి చెబుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే అది అక్కడే ఆపాలి. మలం చేతులతో ఎత్తే పనికి మనుషులను పెట్టకూడదని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా ఈ దేశం చట్టం చేసుకుంది, అప్పటికే తరాల తరబడి ఒకే కులాల చేత ఆ పని చేయించి. సరదాకు కొన్న పడవలోది సరదా పడ్డవాడే మోసుకోవాలి. మోసుకొచ్చి ఇంటి లెట్రిన్‌లో పొయ్యొచ్చు. వాసన చంపడానికి ట్యాంకులో వేసే పాతరకం నీలి మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉండేది. అది ఇంటి సెప్టిక్ ట్యాంకులో కష్టపడి పనిచేస్తున్న బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఎంజైములతో చేసిన ఆకుపచ్చ మందు కొంటే ఆ గొడవ ఉండదు.

ఇంకో హెచ్చరిక ఎండ గురించి. ఈ పెట్టెలు చల్లటి దేశాల్లో పుట్టాయి. మే నెలలో సూర్యాపేట జిల్లా 45 డిగ్రీలకు అటూ ఇటూ కాలుతుంది. మూతబడ్డ ట్యాంకులో వాయువు ఉబ్బుతుంది. అందుకే మంచి రకాల్లో ఒత్తిడి వదిలే బొత్తాం ఉంటుంది. ముందు అది నొక్కి, తర్వాతే పలక లాగాలి. వరస తప్పితే క్లోరిన్ రాదు గానీ చొక్కా మార్చుకోవాలి.

ఇప్పుడొక సాయంత్రం అనుకుందాం. మేళ్లచెరువు ఇంట్లో సెప్టిక్ ట్యాంకు నిండి పొంగుతోంది, జగ్గయ్యపేటలో బావమరిది ఇల్లు ఉంది, నిండిన పెట్టె కారు డిక్కీలో ఉంది. జగ్గయ్యపేట ఆంధ్రప్రదేశ్, మేళ్లచెరువు తెలంగాణ, మధ్యలో సరిహద్దు. ఎన్నికల కాలం. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ టార్చి వేసి, మీటలూ బొత్తాలూ ఉన్న బరువైన పెట్టెను చూసి, ఇంత జాగ్రత్తగా పట్టీలతో కట్టారంటే లోపల నోట్ల కట్టలేనని నిర్ధారించుకున్నాడు.

"ఏముంది సార్ ఇందులో?"

"చెబితే నమ్మరండీ."

"అయితే విప్పండి."

మధ్యాహ్నమంతా అది ఎండలోనే ఉంది. బొత్తాం సంగతి కారులో తెలిసినవాడు ఒక్కడే, ఆయనను అప్పటికే పక్కకు నిలబెట్టి జేబులు చూస్తున్నారు. వెనక సీట్లోంచి అత్తగారు కిటికీ అద్దం పైకి ఎక్కించింది.