గరిక పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. గరికపచ్చ జూచి గర్వింప వలదయ్య
తుంగగడ్డ నేల దూరి దాగు
పైన పెరుక నేమి ఫల మడుగున నున్న
మూల ముడుగకున్న మొలచు మరల

అవతారిక: నర్సరీ నుంచి గరిక తెప్పించి ఇంటి ముందు లాన్ వేయించుకొని, తొలకరికే దాని నడుమ తుంగ తలెత్తగా చేతులతో పీకడానికి కూర్చున్న గృహస్థును కవి ఇందులో వారిస్తున్నాడు.

టీక: గరికపచ్చన్ = గరిక పచ్చదనాన్ని; చూచి = కని; గర్వింపన్ వలదు = మిడిసిపడరాదు; అయ్య = ఓ ఇంటి యజమానీ; తుంగగడ్డ = తుంగ దుంప; నేలన్ దూరి దాగున్ = మట్టిలో పొంచి ఉంటుంది; పైనన్ పెరుకన్ = ఆకు పట్టి లాగితే; ఏమి ఫలము = ఒరిగేదేమిటి; అడుగునన్ ఉన్న మూలము = కిందనున్న దుంప; ఉడుగకున్నన్ = నశించకుంటే; మరలన్ మొలచున్ = తిరిగి లేస్తుంది.

తాత్పర్యం: లాన్ రోగం ఆకున కనిపించినా దాని కాపురం మట్టిలోనే గనుక చికిత్స అక్కడే జరగాలి.

విశేషాలు: గరిక కాడ చేతివేళ్ల నడుమ గుండ్రంగా తిరుగుతుంది, తుంగ కాడ మూడు పలకలుగా తగులుతుంది. తుంగ దుంపలు సన్నని తీగలతో గొలుసుకట్టుగా ఉండి, పైమొక్కను లాగగానే గొలుసు తెగి నిద్రలో ఉన్నవి మేల్కొంటాయి గనుక, నేల తడిపి దుంపతో సహా తవ్వితీయాలి. గ్లైఫోసేట్ కలుపుమందు చల్లితే తుంగతో పాటు గరికా పోతుంది.

'మూలము' అన్నది ఇక్కడ ఉపలక్షణం, అనగా ఒకదాన్ని చెప్పి దానివంటి వాటినన్నిటినీ గ్రహింపజేసే మాట. పసుపుపచ్చబడిన చోట గడ్డిని పట్టి లేపితే చాపలా ఊడివచ్చినచో వేర్లను వేరుపురుగు తినేసిందని, ఊడిరాక గునపం కూడా దిగనిచో నేల గట్టిపడిందని గ్రహించి, మొదటిదానికి పురుగులను ఏరివేయడం, రెండవదానికి రంధ్రాలు పొడిచి ఇసుక, చివికిన పశువుల ఎరువు నింపడం చేయాలి. రోజూ పైపైన చిలకరించే నీటికి వేర్లు పైననే ఆగిపోతాయి గనుక, విడిచి విడిచి లోతుగా తడపాలి. కోతలో ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు.

పూర్వపక్షం, అనగా ఎదుటివారి ఆక్షేపణ: మామిడిచెట్టు నీడలో యూరియా వేసి గరికను పెంచరాదా? సిద్ధాంతం: పెంచరాదు, గరిక ఎండమొక్క, ఆకలి ఎండకైనప్పుడు ఎరువు పెట్టి ప్రయోజనం లేదు. కొమ్మలు నరకాలి, లేదా అక్కడ గరిక ఆశ వదులుకోవాలి.

ఫలశ్రుతి: తవ్వితీసిన దుంపలే ఆయుర్వేదంలో తుంగముస్తలు. మూలికల కొట్లో డబ్బిచ్చి కొనే ఆ సరుకును పెరట్లో ఉచితంగా పొందుతున్న గృహస్థుకు విచారమెందుకన్నది వ్యాఖ్యాతలకు ఇప్పటికీ అంతుబట్టని విషయం.