తోకకు ఆసరా

నా పేరు గ్రాసిలేరియా. కాకినాడ నుంచి వేటకెళ్లే వాళ్లకు మాత్రం ఒట్టి పాచిని. బంగాళాఖాతపు అలలకు అడ్డంగా హోప్ ఐలాండ్ అనే 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ ఉంది కదా, దానికి లోపలి వైపున లోతు తక్కువ బురద నీళ్లలో పుట్టాను. మాకు వేళ్లుండవు, పట్టుకోవడానికి గట్టిది ఏదో ఒకటి కావాలి. నాకు దొరికింది ఖాళీ గుల్ల. మా వైపు గుల్లలు పోగేసి కాల్చి సున్నం చేసేవారు. నా గుల్ల బట్టీ దాకా పోలేదు, నా అదృష్టం.

నన్ను మొక్క అంటారు గానీ నేను ఎర్ర నాచుని. ఆకు లేదు, పువ్వు లేదు, ఒళ్లంతా సన్నటి కొమ్మలే. మీరు ఇంట్లో జెల్లీకి వాడే చైనాగ్రాస్ మా జాతి ఒంట్లోని అగరే.

నన్ను పెంచింది సముద్రం ఒక్కటే కాదు, గోదావరి కూడా. ఎర్రనీరు దిగే రోజుల్లో గౌతమి పాయ నుంచి కోరింగ, గాడేరు కాలవల గుండా వరద మా అఖాతంలోకి వచ్చి పడుతుంది. అప్పుడు ఉప్పు ఒక్కసారిగా పలచబడిపోతుంది. ఉప్పునీరే గతి అనుకునే చిన్న పురుగులు ఎన్నో ఆ దెబ్బకు చచ్చిపోతాయి. మేం తట్టుకుంటాం. తరువాత నా ప్రాణం నిలిపింది ఈ ఓర్పే.

అక్కడే సముద్ర గుర్రాన్ని చూశాను. అది చేపే గానీ ఈత అంతంత మాత్రం. వీపు మీద చిన్న రెక్క ఒక్కటి గబగబా ఆడించుకుంటూ కదులుతుంది, కాస్త పోటు వస్తే కొట్టుకుపోతుంది. అందుకే దొరికిన కొమ్మకు తోక చుట్టేస్తుంది. నా కొమ్మకు రెండు చుట్లు చుట్టి, కదలకుండా ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పుతూ కాచుకుని ఉండేది. నా గుబురులో తిరిగే పిసరంత రొయ్య జాతి పురుగు దాని మూతి ముందుకు వచ్చిందా, టక్కున పీల్చేసేది. దానికి కడుపు అనే సంచి లేదు, తిన్నది తిన్నట్టే సాగిపోతుంది, అందుకని రోజంతా తింటూనే ఉండాలి. పిల్లల్ని మోసేది మగది. ఆడది దాని పొట్ట మీది సంచిలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది.

ఒకనాడు వల నన్ను గుల్లతో సహా పెకలించింది. ఒడ్డున చేపలు ఏరుకుని నన్ను ఇసుక మీదికి విసిరేస్తుంటే ఒక అమ్మాయి వచ్చి అడిగింది.

“బాబాయ్, ఈ పాచి నాకు ఇస్తారా? డబ్బులు ఇస్తానండి.”

“పాచికి డబ్బులేంటమ్మా! పట్టుకెళ్లు. ఏం చేస్తావ్ దీన్ని?”

“గుర్రపు చేపల తొట్టె పెడదామనండి. ముందు వాటికి పట్టుకునేందుకు ఏదో ఒకటి ఉండాలి కదా.”

ఆ మాటతో నాకు ఆమె మీద గురి కుదిరింది. అందరూ ముందు చేపను కొని, తరువాత ప్లాస్టిక్ ఆకులు గుచ్చుతారు. ఈమె ముందు పచ్చదనం, తరువాత ప్రాణి అనుకుంది.

తడి గుడ్డలో చుట్టి థర్మోకోల్ పెట్టెలో రాజమండ్రి తీసుకెళ్లింది. తిన్నగా తొట్టెలో వేయలేదు. ముందు మంచినీళ్ల బకెట్‌లో ముంచింది. నా మడతల్లో దాగిన ముళ్ల పురుగులు, చిన్న ఎండ్రకాయలు గిలగిలా కొట్టుకుంటూ బయటపడ్డాయి. నేను గోదావరి వరద చూసిన దాన్ని, నాకేం కాలేదు. తరువాత వేరే తొట్టెలో కొన్నాళ్లు విడిగా ఉంచింది. హైడ్రాయిడ్ అనే సన్నటి కుట్టే జీవి ఒక్కటి మిగిలినా గుర్రం పిల్లలకు ప్రమాదం. అంగట్లో నాచు కొనేవాళ్లు రంగు చూస్తారు. దాని వెంట వచ్చేవాటిని చూడాలి.

చెన్నై కొళత్తూరులో రంగు చేపల అంగళ్లు ఉన్నాయి. అక్కడి నుంచి బస్సు పార్శిల్‌లో నాలాంటి నాచులే ఇంకో రెండు వచ్చాయి. కీటోమార్ఫా విప్పని నూలు చిక్కులా ఉంటుంది, నెమ్మదస్తురాలు. కాలెర్పా అందగత్తె, కొమ్మలన్నీ కలిపి ఒకే ఒక కణం! కానీ దాని బీజాలు విడిచే వేళ వస్తే రాత్రికి రాత్రే తెల్లబడి కరిగి, తొట్టె నీళ్లన్నీ పాడు చేస్తుంది. అదే జాతిలో ఒకటి 1984లో మొనాకో దగ్గర సముద్రంలో కనబడి, తరువాత మధ్యధరా తీరాల్లో పాకిపోయింది. అందుకే ఈ అమ్మాయి కత్తిరించిన ముక్క ఒక్కటి కూడా కాలవలో పారేయదు, ఎండబెట్టి చెత్తలో వేస్తుంది.

ఇక గుర్రాల కోసం తన కాలేజీ జువాలజీ మేష్టారిని అడిగింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. “మన దేశంలో 2001 నుంచి సముద్ర గుర్రాలు, వాటి దాయాదులైన పైప్‌ఫిష్‌లు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయమ్మా. పట్టడం, కొనడం, అమ్మడం నేరం. దేశాల మధ్య వ్యాపారానికి కూడా 2004 నుంచి సైటిస్ ఒప్పందం కాపలా ఉంది. హవాయిలోను, ఆస్ట్రేలియాలోను తొట్టెల్లో పుట్టిన వాటిని అమ్ముతారు, అది అక్కడి మాట. ఆ పెంచేవాళ్లే నీళ్లు 22–24 డిగ్రీలు దాటనివ్వరు, దాటితే విబ్రియో బాక్టీరియా పట్టుకుంటుంది. రొయ్యల రైతుల బిడ్డవి, విబ్రియో సంగతి నీకు చెప్పాలా? రోహిణి కార్తెలో రాజమండ్రిలో కరెంటు పోతే ఏం చేస్తావ్?”

ఆమె మాట్లాడలేదు. ఇంటికొచ్చి చాలాసేపు నా వంక చూస్తూ కూర్చుంది. ఆ చట్టం వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం. రొయ్యల కోసం వేసిన ట్రాలర్ల వలల్లో పడి ఎండిపోయి, మందుల పేరుతో విదేశాలకు పోయిన గుర్రాల సంఖ్య తక్కువేమీ కాదు.

తొట్టె మాత్రం తీసేయలేదు. గుర్రాల స్థానంలో మోలీలు వచ్చాయి, మెల్లగా అలవాటు చేస్తే అవి ఉప్పునీళ్లలోనూ బతుకుతాయి. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలుపుతుంది. ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లే పోస్తుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు.

చేపలు లేని మొదటి వారాల్లో నేను గడ్డి రంగుకు తిరిగాను. కొమ్మల చివర్లు పాలిపోయాయి. “ఎండిపోతోందేమోనే” అంది వాళ్లమ్మ. కాదు, ఆకలి. నాకు నత్రజని కావాలి. మోలీలు వచ్చి, తిని, విసర్జించడం మొదలుపెట్టాక చివర్ల నుంచి మొదలుకి ముదురు ఎరుపు తిరిగి ఎక్కింది. మోలీల వల్ల నీళ్లలో పెరిగిన నైట్రేట్ మళ్లీ దిగింది. ఆమె పరీక్ష కిట్టులో రంగు చూసి నోట్‌బుక్కులో రాసుకుంది, నా రంగు కూడా పక్కనే రాసుకుంది.

ఆ రాతే ఆమెను మొగల్తూరు వైపు రొయ్యల రైతు దగ్గరకు తీసుకెళ్లింది. చెరువు ఖాళీ చేసినప్పుడు కాలవలోకి పోయే నీళ్లలో ఉండేది నేను తినేదే. ఆయన ఒక చిన్న గుంటలో నన్ను వేసి చూస్తానన్నారు. నిన్న నాలో రెండు గుప్పెళ్లు తుంచి తడి గుడ్డలో చుట్టింది. తుంచిన ముక్క కూడా నేనే, అక్కడ పెరిగితే అక్కడా నేనే. పెట్టె మీద ఇలా రాసి అంటించింది: “ఉప్పు లీటరుకు 15 గ్రాములకు తగ్గకూడదండి. మధ్యాహ్నం ఎండ పడకుండా చూడండి. ముందు విడిగా ఉంచి, పురుగులు లేవని చూసుకున్నాకే గుంటలో వేయండి. కాలవలోకి పోకుండా వల కట్టండి.”