తిరగని మిక్సీ, తిరిగే ఫైలు

మా బావగారు కేసు గెలిచారు. నమ్మకపోతే కాగితం ఉంది, దాని మీద జిల్లా వినియోగదారుల కమిషన్ వారి గుండ్రటి ముద్ర ఉంది. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి హాల్లో వాళ్ల నాన్నగారి ఫొటో పక్కన తగిలించారు కూడా. ఇంట్లో లేనివల్లా రెండే. మిక్సీ ఒకటి, దాని డబ్బు ఒకటి.

కథ చిన్నదే. మూడేళ్ల కిందట సంక్రాంతికి మా అక్క పోరు పడలేక 4,350 రూపాయలు పోసి మిక్సీ తెచ్చారు. నెల తిరక్కుండానే, పెసరట్టు పిండి రుబ్బుతుంటే, అది ఒక్క మూలుగు మూలిగి, పొగ వదిలి, కన్నుమూసింది. సర్వీస్ సెంటర్ కుర్రాడు అడుగు విప్పి చూసి, "కాయిల్ కాలిపోయిందండీ. పెసలు ఎక్కువ పోశారు. వారంటీలోకి రాదు" అని తేల్చాడు. "పెసరట్టుకి పెసలు కాక ఇంకేం పొయ్యాలి నాయనా?" అని అక్క అడిగింది. వారంటీ కార్డులో దానికి జవాబు లేదు.

బావగారు రిటైరైన హెడ్మాస్టరు. తప్పు కనబడితే ఎర్ర సిరా పెట్టకుండా వదలడం ఆయన సర్వీసులోనే లేదు. చట్టం పుస్తకం తెచ్చుకుని కూర్చున్నారు. 1986లో పుట్టిన వినియోగదారుల రక్షణ చట్టం 2019లో కొత్త బట్టలు కట్టుకుని, 2020 జూలై 20న అమల్లోకొచ్చింది. అంతకుముందు 'ఫోరం' అన్న బోర్డు 'కమిషన్' అయింది. సరుకుకు పెట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు. మనం ఉన్న ఊరు ఏ జిల్లాలో ఉంటే అక్కడే వేసుకోవచ్చు. వకీలు అక్కర్లేదు, మన గోడు మనమే చెప్పుకోవచ్చు. చదువుతుంటే బావగారి కళ్లు చెమర్చాయి. "ఈ చట్టం రాసినాయన ఎప్పుడో ఒక పాడు మిక్సీ కొనే ఉంటాడురా" అన్నారు.

కేసు వేశారు. సాక్ష్యాల్లో బిల్లు ఎ-1 అయింది, వారంటీ కార్డు ఎ-2 అయింది. కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. సరుకును పరీక్షకు పంపాల్సొస్తే అయిదు నెలలు. అక్క వేళ్ల మీద లెక్కేసుకుని, ఉగాది పచ్చడికి కాకపోయినా ఆవకాయ కారానికి మిక్సీ వచ్చేస్తుందనుకుంది.

హెడ్మాస్టరు గారు కూడా మొదటిసారి చదివినప్పుడు చిన్న మాటలు గమనించలేదు. చట్టంలో పెద్ద మాటలన్నీ మనవైపు ఉంటాయి, చిన్న మాటలన్నీ కంపెనీ వైపు. మూడు నెలల్లో తేల్చేందుకు 'ప్రయత్నించాలి' అన్నారు. ఆ మూడు నెలలూ మనం కేసు వేసిన రోజు నుంచి కాదు, ఎదురుపక్షానికి నోటీసు 'అందిన' రోజు నుంచి. టీవీలో రోజుకు పదిసార్లు కనబడే కంపెనీ పోస్ట్‌మ్యాన్‌కు మాత్రం నాలుగు నెలలు కనబడలేదు. చివరికి అందింది. జవాబు చెప్పుకోవడానికి 30 రోజులు, కమిషన్ దయ తలిస్తే ఇంకో 15. నలభై అయిదంటే నలభై అయిదేనా, ఇంకా సాగదీయొచ్చా అన్న ధర్మసందేహం తీర్చడానికి సుప్రీంకోర్టులో ఏకంగా అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కూర్చోవాల్సి వచ్చింది. నలభై అయిదంటే నలభై అయిదే అని 2020 మార్చి 4న తేల్చింది. మా హెడ్మాస్టరు గారైతే ఆ లెక్క మూడో తరగతిలోనే తేల్చేసేవారు.

ఆ తరవాత వాయిదాలు. 'సాధారణంగా' వాయిదా ఇవ్వకూడదని చట్టం. దాంతో అన్నీ అసాధారణ కారణాలే వచ్చాయి. కంపెనీ వకీలు గారికి ఒకసారి జలుబు, ఒకసారి బార్ అసోసియేషన్ ఎన్నికలు, ఒకసారి జూనియర్ ఫైలు మరిచాడు. మధ్యలో కమిషన్‌లో ఒక పదవి ఖాళీ అయింది, కొత్తవారు వచ్చేదాకా కుర్చీ కూడా వాయిదా పడింది. ఈ ఖాళీ కుర్చీల సంగతి చూసి సుప్రీంకోర్టే 2021లో తనంత తాను కేసు చేపట్టింది. కోర్టే ఫిర్యాదుదారు అవ్వాల్సొస్తే ఇక వినియోగదారుడి మొర ఎవరు వింటారు?

"పోనీ మీరూ ఓ వకీలును పెట్టుకోండి బావగారూ" అన్నాను.

"డాక్టరు సరిగ్గా చూడకపోతే ఇక్కడ కేసు వేయొచ్చని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు సరిగ్గా చూడకపోతే మాత్రం వేయడానికి లేదని 2024 మేలో అదే కోర్టు చెప్పింది. వారంటీ లేని సరుకు ఇంకోటి నాకెందుకురా బామ్మర్దీ?"

ఆయన జేబులో ఒక పేపర్ కటింగ్ ఉంటుంది. మథురలో ఒక వకీలు గారి దగ్గర 1999లో రైల్వే వారు రెండు టిక్కెట్లకు 70 బదులు 90 రూపాయలు పుచ్చుకున్నారు. ఆ ఇరవై కోసం ఆయన వందకు పైగా వాయిదాలు తిరిగి 2022లో గెలిచారు. ఇరవై రూపాయలు, దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన పదిహేను వేలు. వాయిదా పడ్డ ప్రతిసారీ బావగారు ఆ కటింగ్ తీసి హనుమాన్ చాలీసాలా చదువుకునేవారు. "ఆయన స్వయానా వకీలు కాబట్టి ఫీజు మిగిలింది. మీకు ఆటో చార్జీ ఎవరిస్తారు?" అని అక్క వంటింట్లోంచే క్రాస్ ఎగ్జామినేషన్ చేసేది.

రెండేళ్ల రెండు నెలలకు తీర్పు వచ్చింది. మిక్సీ సొమ్ము 4,350 వాపసు, మనోవేదనకు 5,000, ఖర్చులకు 2,000. మొత్తం 11,350. "మనోవేదన మీకెందుకు? రోటి ముందు కూర్చున్నది నేను" అని అక్క ఆక్షేపణ దాఖలు చేసింది. దాని మీద తీర్పు ఇంకా రిజర్వులోనే ఉంది.

ఓడినవాడు కోర్టులో ఏడ్చాడు, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు అన్నది పాత సామెత. ఇప్పుడు సగమే చెల్లుతుంది. ఓడినవాడి కన్నీళ్లు తుడవడానికి చట్టం 45 రోజుల గడువిచ్చింది. రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వేసుకోవచ్చు. గడువు దాటినా తగిన కారణం చెబితే చాలు. అయితే ఊరికే వేయనివ్వరు. కట్టమన్న సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి. ఓడినవాళ్లు ఊరికే పైకి ఎక్కకుండా అడ్డం పెట్టిన కర్ర అది.

కర్ర పొడవు చూశారా? 11,350లో సగం 5,675. యాభై లక్షల ఇంటి తగాదాలో ఓడిన బిల్డరుకు ఆ సగం గుండెల్లో గుచ్చుకుంటుంది. మిక్సీ కంపెనీకి అది వకీలు గారి టిఫిన్ ఖర్చు. అంటే తగాదా ఎంత చిన్నదైతే అప్పీలు అంత చవక. చిన్నవాడి కోసం కట్టిన గోడ చిన్నవాడి దగ్గరికొచ్చేసరికి మోకాలెత్తు అయింది. కంపెనీ లంఘించింది. ఇది డబ్బు గురించి కాదు, సూత్రం గురించి అట. పెసలు ఎన్ని పోయాలన్న సూత్రం.

అప్పీలును 90 రోజుల్లో తేల్చాలని చట్టం. ఇక్కడా 'ప్రయత్నమే'. అక్కడా తేలాక న్యాయసూత్రానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఏదైనా ఉంటే ఢిల్లీలో జాతీయ కమిషన్ ఉండనే ఉంది. పెసలు గట్టివే కదా.

ఇంతలో కంపెనీ వకీలు గారు నవ్వుతూ దగ్గరికొచ్చి, "ఎందుకండీ మాస్టారూ ఈ తిరుగుళ్లు. రాజీయే రాజమార్గం. లోక్ అదాలత్‌లో కూర్చుందాం, సగం ఇప్పిస్తాను" అన్నారు. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదు. 1987 చట్టం ఆ తలుపు గట్టిగా మూసేసింది. న్యాయం అక్కడితో ఆగాలంటే గెలిచినవాడు సగం వదులుకోవాలి. ముందుకు సాగాలంటే ఓడినవాడు సగం డిపాజిట్ చేస్తే చాలు, అది కూడా గెలిస్తే వెనక్కి వస్తుంది. ఎటు తిరిగినా సగమే, కాకపోతే వాళ్ల సగం వాళ్లకే ఉంటుంది, మన సగం పోతుంది. "నేను సగం మిక్సీ కొన్నానా?" అని బావగారు లేచొచ్చేశారు.

కనుక ఏలినవారికి నాదొక చిన్న సవరణ. చిన్న తగాదాల్లో అప్పీలు వేసే కంపెనీ దగ్గర డబ్బు డిపాజిట్ వద్దు. ఏ సరుకు మీద గొడవో ఆ సరుకే, కొత్తది, తిరిగేది, డిపాజిట్ చేయించండి. కమిషన్ బీరువాలో కాదు, ఫిర్యాదుదారు వంటింట్లో. అప్పీలు తేలేదాకా అది అక్కడే ఉండాలి, పాడైతే ఇంకోటి పెట్టాలి.

అప్పుడు చూడండి, కంపెనీ వకీలు గారికి ఒక్కసారైనా జలుబు చేస్తుందేమో. తొంభై రోజులు ఎందుకు, తొమ్మిది రోజుల్లో వాదనకు సిద్ధమని చేతులు కట్టుకుని నిలబడతారు. ఇటువైపు మా బావగారు నెమ్మదిగా లేచి, కళ్లజోడు సర్దుకుని, "అయ్యా, ఒంట్లో నలతగా ఉంది, ఓ వాయిదా ఇప్పించండి" అంటారు. వెనక బెంచీలో మా అక్క, పెసరట్ల టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని, అవునవునని తల ఊపుతుంది.