ఊరంతా గ్రూపులోనే!

మనిషి నిలుపుకోగల పరిచయాలు ఇంచుమించు 150 మందితోనేనని రాబిన్ డన్‌బార్ అనే పెద్దమనిషి 1992లోనే లెక్కగట్టాడు. వాట్సాప్ వింటేనా! 2016లో గ్రూపుకు 256 మంది అంది. 2022లో 512, ఆ ఏడాదే 1,024. అదే 2016లో పాలన దగ్గరవ్వాలని పాలమూరు జిల్లాను ముక్కలు చేస్తే గద్వాల జిల్లా పుట్టింది. జిల్లా చిన్నగుండాలె, ముచ్చట మాత్రం పెద్దగుండాలె!

ఆ జిల్లాలో మల్దకల్ దిక్కు ఏ ఊరి గ్రూపైనా తెరవండి. తెల్లారితే తిమ్మప్ప స్వామి ఫొటోలు, పొద్దెక్కితే పుట్టినరోజు కేకులు. నడుమ ఓ రైతు "అన్నా, సీడుపత్తి పైసలు ఆర్గనైజరు ఎప్పుడిస్తడు?" అని విత్తన కంపెనీకీ రైతుకూ నడుమనుండే దళారి గురించి అడిగితే, ఆ రైతు మీద దండాల బొమ్మలు కుప్పపడతాయి. రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభలో కోరం కోసం మనుషులను వెతుక్కోవాలి గానీ, ఇక్కడ కోరానికి కొదవేముంది? (జవాబుకే కొదవ.)

విసిగినవాళ్లు 'ముఖ్యమైనవి మాత్రమే' అని ఇంకో గ్రూపు పెడతారు. సాయంత్రానికి పాత జనమంతా అందులోకే వస్తారు, కేకులతో సహా. ఇక లాభం లేదని అడ్మిన్ ఒక్కడే మాట్లాడేలా తాళం వేస్తాడు.

అడ్మిన్ ఎవరంటారా? ఆర్గనైజరే!